అతికించిన మెట్టెలు

కరోనా తగ్గి, ఇండస్ట్రియల్ ఏరియాలోని మిల్లులు మళ్లీ మూడు షిఫ్టులూ నడవడం మొదలుపెట్టిన వేసవిలో నన్ను పాదాల తనిఖీకి వేశారు. ఏప్రిల్ మొదటి సోమవారం పొద్దున డాక్టరమ్మ పిలిచి ఆ మాట చెప్పింది. అప్పటికి నేను ఆ రోలింగ్ మిల్లు ఫస్ట్ ఎయిడ్ గదిలో డ్రెస్సర్‌ని.

డ్రెస్సర్ అంటే గాయాలు కడిగి కట్టు కట్టే మనిషి. నా పైన కాంపౌండర్. ఆయన పైన వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరమ్మ. నా కింద ఎవరూ లేరు. ఆ గదిలోకి నేను మొదట నేల తుడిచే ఆయాగా వచ్చాను. నలభై దాటాక పనికి వలస వచ్చిన మా తెలుగువాళ్లు సెక్టర్ 4లో నడిపే ఆదివారం తరగతికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. మందు సీసా మీద పేరు చదవడం వచ్చాక కాంపౌండర్ నా చేత కట్లు కట్టించడం మొదలుపెట్టాడు. తరువాత డాక్టరమ్మ పరీక్ష పెట్టి డ్రెస్సర్‌గా తీసుకుంది. రిటైరయ్యేదాకా అదే నా ఉద్యోగం.

రోలింగ్ మిల్లంటే కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుప దిమ్మలను రోలర్ల మధ్య సాగదీసి కడ్డీలు చేసే చోటు. సాగేటప్పుడు కడ్డీ మీద నుంచి పొరలు పొరలుగా ఇనుప పొట్టు రాలుతుంది. మగవాళ్లు కొలిమి దగ్గర, రోలర్ల దగ్గర ఉంటారు. ఆ పొట్టు ఊడ్చేదీ, చల్లారిన కడ్డీలను కట్టలుగా కట్టి బిళ్లలు వేలాడదీసేదీ ఎక్కువగా ఆడవాళ్లు. అందరూ కాంట్రాక్టు మనుషులే. షిఫ్టు పొడుగునా నిలబడే ఉంటారు. కూర్చోకూడదని రాసిన రూలు ఏమీ లేదు. కూర్చోవడానికి ఏమీ లేదు, అంతే.

తనిఖీ పెట్టడానికి కారణం అంతకుముందు చలికాలంలో జరిగిన సంగతి. కొలిమి దగ్గరి మనిషి ఒకడు మేకు తొక్కాడు. అరిగిన బూటు అడుగులోంచి మేకు లోపలికి దిగింది. షుగర్ ఉన్నవాడు, తెలియలేదు. ఇంటికి వెళ్లి బూటు విప్పితే సాక్సు ఎర్రగా ఉంది. ఆ కాలు బాగుపడడానికి నెలలు పట్టింది. దాంతో మిల్లు ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది: నిలబడి పనిచేసే ప్రతి మనిషి పాదాలూ వారానికొకసారి చూడాలి.

చూసే పద్ధతి డాక్టరమ్మ నేర్పింది. బూటు, సాక్సు విప్పించి ఎత్తుబల్ల మీద కూర్చోబెట్టాలి. వేళ్ల సందులు విడదీసి చూడాలి, అక్కడే తడి నిలిచి ఒరుస్తుంది. మడమ పగుళ్లు, ఆనెలు, గోళ్ల మూలలు చూడాలి. అరచెయ్యి తిరగేసి, చేతి వెనకవైపుతో పాదం వేడి చూడాలి. ఒక పాదం రెండోదాని కంటే వేడిగా ఉంటే లోపల ఏదో జరుగుతున్నట్టు. చివరిది నైలాన్ పోచ పరీక్ష. మనిషిని కళ్లు మూసుకోమని, గట్టి నైలాన్ పోచతో అరికాలి మీద అక్కడక్కడా తాకాలి. తాకినప్పుడల్లా చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పాదానికి స్పర్శ పోయినట్టు. అలాంటి పాదంతో నిలబడేవాడు కళ్లకు గంతలు కట్టుకుని నడిచేవాడితో సమానం అని డాక్టరమ్మ అనేది.

నా వంతు ఎ షిఫ్టు ఆడవాళ్లు. మొదటి వారం నవ్వులతో గడిచింది. చిన్నమ్మి అని ఒకామె ఉండేది, కట్టలు కట్టే గ్యాంగులో నోరున్న మనిషి. మా చీపురుపల్లి వైపు ఆడవాళ్లందరిలాగే నన్ను అప్పా, అంటే అక్కా, అని పిలిచేది.

"పెళ్లిసూపుల్లో కూడా నా కాళ్లు ఇంతసేపు ఎవులూ సూడనేదప్పా," అంది బల్ల మీద కూర్చుని. "నచ్చీనానేటి?"

వెనక నిలబడ్డామె అందుకుంది. "నచ్చినావులే గానీ ఆ మడమలు సూసి పెళ్లోరు ఎల్లిపోనారు."

నవ్వు సంగతి అలా ఉంచితే, ఆ పాదాలు బాగాలేవు. మిల్లు ఇచ్చే సేఫ్టీ బూట్లు మగవాళ్ల కొలతలవి. ముందు ఇనుప టోపీ ఉంటుంది, బరువు. ఆడవాళ్లకు అవి వదులు. లోపల నూనె తుడిచే పాత గుడ్డ పీలికలు కుక్కుకుని తొడుక్కునేవారు. ఆ పీలికలు చెమటకు తడిసి ఉండగట్టి వేళ్లను కొరికేవి. బూటు మధ్యాహ్నం పూట తొడిగి చూసుకోండి, అప్పటికి పాదం ఉబ్బి ఉంటుంది, సరైన కొలత తెలుస్తుంది అని చెప్పేదాన్ని. సాక్సులు రెండు జతలు తెచ్చుకుని టీ వేళకు మార్చుకోండి అనేదాన్ని. ఆనెలు బ్లేడుతో కోసుకోవద్దు అనేదాన్ని. వినేవారు. బూటు కొలత వాళ్ల చేతుల్లో ఉన్నది కాదు.

అప్పుడే నాకు మెట్టెల సంగతి తెలిసింది.

గేటు దగ్గర గాజులు, ఉంగరాలు, గొలుసులు తీయించేవారు. యంత్రంలో చిక్కుకుంటాయని. కాలి మెట్టెలు బూటులో ఉంటాయి కాబట్టి ఎవరూ అడగలేదు. మెట్టెకు మామూలుగా చివర్లు విడిగా ఉంటాయి. వేలు లావైతే కొంచెం విప్పుకోవచ్చు, సన్నబడితే నొక్కుకోవచ్చు. ఈ ఆడవాళ్ల మెట్టెలకు ఆ చివర్లు లేవు. అతికించి ఉన్నాయి. విడి చివర్లు సాక్సు దారాలను పట్టుకుని లాగుతాయి, వదులు బూటులో మెట్టె జారి పీలికల మధ్య పోతుంది, మెట్టె పోవడం ఇంటికి మంచిది కాదు. అందుకని పవర్ హౌస్ అనే బజారులో కంసాలి దగ్గర టంకం పెట్టించుకునేవారు. ఒకరిని చూసి ఒకరు, మా వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లందరూ అదే చేశారు. పొద్దున వేలికి సరిపోయిన మెట్టె, నిలబడి నిలబడి పాదం ఉబ్బాక మధ్యాహ్నానికి బిగుసుకునేది. విప్పడానికి చివర్లు లేవు.

పైడమ్మ రెండో వారం వచ్చింది. పొట్టు ఊడ్చే మనిషి. చీపురుపల్లి వైపు ఊరు, ఉండేది కోహ్కాలో ఒక అద్దె గది. భర్త అప్పన్న ఇంకోచోట క్రేన్ కింద గొలుసులు తగిలించే పని చేసేవాడు. కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నాడు. ఇంట్లో సంపాదించేది పైడమ్మ ఒక్కతే.

నైలాన్ పోచ పరీక్షలో ఆమె ఒక్కటీ తప్పలేదు. తాకినప్పుడల్లా "ఆఁ" అంది. ఆ "ఆఁ"లు గడియారం కొట్టినట్టు వస్తున్నాయని అనిపించి నేను పోచ ఎత్తి ఊరుకున్నాను. ఆమె కళ్లు మూసుకునే "ఆఁ" అంది. కొంచెం ఆగి మళ్లీ "ఆఁ" అంది.

ఎడమ కాలి రెండో వేలి మెట్టె కనిపించడం లేదు. వేలు మెట్టెకు పైనా కిందా ఉబ్బి, మధ్యలో వెండి చర్మంలోకి దిగిపోయింది. గాడి అంచున చర్మం తెగి పసుపు నీరు కారుతోంది. ఆమె దాని మీద పసుపు అద్దుకుంది. పసుపు కింద వేలి చివర నల్లబడుతోంది.

"ఇది ఎన్నాళ్ల నుంచి ఇలాగుంది?" అని అడిగాను.

"ఏటి?" అంది. వంగి, పక్కవాళ్ల వేలిని చూసినట్టు చూసింది. "నొప్పి నేదప్పా. నొప్పుంటే నీకు సెప్పనా?"

చేతి వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే షుగర్ చాలా ఎక్కువగా ఉంది. తనకు షుగర్ ఉందని ఆమెకు తెలుసు. మందు భర్త మందులతో పాటు కొనేది, భర్త మందులు ఎక్కువైన నెల మానేసేది.

ఉబ్బిన వేలి నుంచి ఉంగరం తీయడానికి దారం పద్ధతి ఒకటి ఉంది. దారం ఒక కొస ఉంగరం కింద నుంచి దూర్చి, మిగతాది వేలి చివరిదాకా గట్టిగా చుట్టి, కింది కొస పట్టుకుని విప్పుతూ వస్తే ఉంగరం దారం మీదుగా జారి వస్తుంది. చర్మం తెగిన వేలికి అది పనికిరాదు. రెండోది ఉంగరం కోసే పనిముట్టు. చిన్న పళ్ల చక్రం, దాని కింద చర్మానికి అడ్డుగా సన్నని రేకు. రేకును ఉంగరం కిందకు పోనిచ్చి చక్రం తిప్పాలి. టీ చల్లారేలోగా అయిపోయే పని. నేను పనిముట్టు చేతిలోకి తీసుకోగానే పైడమ్మ కాలు వెనక్కి లాక్కుంది.

"వొద్దప్పా. మావ మంచం మీదున్నాడు. ఈ టయంలో మెట్టి కోత్తే మరింకేటున్నాది?"

నేను చెప్పాను, డాక్టరమ్మ చెప్పింది. డాక్టరమ్మది రాయ్‌పూర్, హిందీలో నెమ్మదిగా చెప్పింది. వేలు చచ్చిపోతోంది, దాని వెనక కాలు పోతుంది అంది. పైడమ్మ అన్నింటికీ తలూపింది. కాలు మాత్రం చీర కుచ్చెళ్లలోంచి బయటకు తీయలేదు. ఒప్పుకోని మనిషి మీద చెయ్యి వేసే అధికారం మాకు లేదు. డాక్టరమ్మ పెద్దాసుపత్రికి చీటీ రాసింది, రూలు ప్రకారం నిలబడే పనికి అన్‌ఫిట్ అని కూడా రాసింది. నయమైందని ఆసుపత్రి చీటీ తెచ్చేదాకా గేట్ పాస్ ఆపుతారు. కాంట్రాక్టు మనిషికి గేట్ పాస్ లేకపోతే కూలి లేదు. ఆ చోట్లో ఇంకొకరిని వేస్తారు.

సూపర్‌వైజర్ సాహు చెడ్డవాడు కాదు. నేను వెళ్లి ఆమె చోటు ఉంచమని అడిగాను. "దీదీ, మీరు బాగు చేసి పంపండి. వచ్చాక పని ఉంటుందా అని మాత్రం నన్ను అడగొద్దు. నాదీ కాంట్రాక్టే," అన్నాడు.

ఆసుపత్రికి వెళ్లి ఉంటుందని అనుకున్నాను. ఆ శనివారం చిన్నమ్మి చేతి కట్టు మార్పించుకోవడానికి వచ్చి నా ముఖం చూడకుండా చెప్పింది.

"పైడి ఆస్పత్రికెల్లనేదప్పా. రోడ్డవతల యార్డులో లోడింగుకి పోతంది."

"ఆ కాలుతోనా?"

"అక్కడ కాళ్లెవులు సూత్తారు?" అంది. "సెప్పులేసుకుని పోవొచ్చు."

ఆదివారం నేనుండే రుఆబాంధా నుంచి ఆటో ఎక్కి కోహ్కా వెళ్లాను. గదిలో అప్పన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖం ఉబ్బి ఉంది, మాట మాత్రం గట్టిగా ఉంది. పైడమ్మ నన్ను చూడగానే ఎడమ కాలు కుడి కాలి వెనక పెట్టుకుంది. అప్పన్నకు ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. నేను చెప్పాను. చెప్పడం నా ఉద్యోగంలో భాగం కాదు.

అప్పన్న భార్య కాలి వైపు చూశాడు.

"ఒలే, నా పేణం ఆ యెండి ముక్కలో ఉంటే మరి నాకీ సూదులెందుకే? డాక్టర్లకి సెప్పు, మెట్టి ఉన్నాది, మెషీను ఆపీమను."

"నీకు ఎటకారం," అంది పైడమ్మ.

"ఎటకారం కాదే. తీయించీ. నాను సెప్తన్నాను కదా."

"నువ్వు సెప్తావు. రేపు నీకేటైనా అయితే నన్నంటారు. నీ అక్క అంటాది, ఈదంతా అంటాది. అందరూ ఎందుకు, నానే అనుకుంటాను."

అప్పుడు అప్పన్నే ఒక దారి చెప్పాడు. మా వైపు మెట్టెలు మార్చేటప్పుడు వేలు బోసిగా ఉంచరు. కొత్తవి పెట్టాకే పాతవి తీస్తారు. తాను ఫస్ట్ ఎయిడ్ గదికి వచ్చి, తన చేత్తోనే కొత్త మెట్టె పక్క వేలికి పెడతాడు. ఆ తరువాత పాతది కోయాలి. దానికి పైడమ్మ ఒప్పుకుంది. ఒప్పుకున్నప్పుడు ఆమె ముఖం తేలికపడింది, ఆమె కూడా ఎవరైనా ఒక దారి చెబితే బాగుండునని చూస్తున్నట్టు. గేట్ పాస్ లేదని లోపలికి రానివ్వకపోతే గేటు బయటే కోద్దాం, డాక్టరమ్మను నేను ఒప్పిస్తానన్నాను. ఇవాళే వెళదాం అన్నాను. ఆదివారం గది మూసి ఉంటుంది, పెద్దాసుపత్రికి పోదాం అన్నాను. కొత్త మెట్టెలు కొనాలి అన్నారు. సోమవారం అప్పన్నకు డయాలసిస్. మంగళవారం ఇలాంటి పనికి పనికిరాదు. బుధవారం అనుకున్నారు.

"ఇన్నాళ్లుంది, రెండు దినాలు ఆగదేటి?" అంది పైడమ్మ, నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ.

ఆగదు అని చెప్పాను. ఆమె నవ్వింది. నొప్పి లేని మనిషికి తొందర అర్థం కాదు.

సోమవారం సాయంత్రం అప్పన్న కొత్త మెట్టెల జత కొన్నాడు. మంగళవారం అతనికి ఊపిరి అందలేదు. వీధివాళ్లు పెద్దాసుపత్రిలో చేర్చారు. బుధవారం నేను గది దగ్గర ఎదురుచూశాను. డ్యూటీ దిగాక చిన్నమ్మి చెబితే తెలిసింది.

ఆసుపత్రిలో పైడమ్మ భర్త మంచం పక్కనే ఉంది. మందుల షాపుకు, రక్తం పరీక్షల గదికి, మళ్లీ వార్డుకు చెప్పులతో తిరుగుతూనే ఉంది. భర్తకు బాగాలేదు కాబట్టి ఇప్పుడు మెట్టె మాట ఎత్తనే కూడదు. గురువారం నేను వెళ్లేసరికి ఆమె కాలు కప్పి కూర్చుని, "మావ లేచినాక, అప్పా," అంది. నేను వార్డు నర్సుకు చెప్పాను. నర్సు మంచిదే, కానీ పైడమ్మ ఆ వార్డులో పేషెంటు కాదు. కింద చీటీ రాయించుకోమని చెప్పింది. కిందికి రమ్మంటే పైడమ్మ రాలేదు.

ఆ తరువాతి రోజు వార్డులో వాసన వచ్చింది. నర్సు అది అప్పన్న నుంచి అనుకుని అతని దుప్పటి మార్పించింది, వీపు మీద పుండ్లు ఉన్నాయేమోనని తిప్పి చూసింది. వాసన పోలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి కాలి నుంచి అది వస్తోందని తెలియడానికి సగం పూట పట్టింది.

మెట్టె ఆపరేషన్ థియేటర్‌లో కోశారు. అప్పటికి ఆ వేలికి ఏమీ చేయగలిగింది లేదు. వేలు తీశారు, వారం తిరగక ముందే పాదం ముందు సగం తీశారు. మడమ మిగిలింది. అప్పన్న కోలుకుని, ఆమె కంటే ముందే ఆ ఆసుపత్రి నుంచి బయటకు వచ్చాడు.

కోసిన మెట్టెను గుడ్డలో చుట్టి అతనికి ఇచ్చారు. ఆమె ఇంటికి వచ్చాక, కొత్త జతలో ఒకటి అతను ఆమె కుడి కాలికి పెట్టి, అక్కడి పాతది తీయించాడు. రెండోది జేబులో ఉంచుకున్నాడు. నేను కట్టు మార్చడానికి రెండు రోజులకొకసారి వెళ్లేదాన్ని.

"ఒక కాలికే ఉంటే తప్పా అప్పా?" అని పైడమ్మ ఒకసారి అడిగింది.

తప్పు లేదన్నాను. శాస్త్రం నాకు తెలియదు. పుండు ఎలా మానాలో తెలుసు, అది మానడం లేదని కూడా చూస్తున్నాను.

ఆ చలికాలంలో అప్పన్న పోయాడు. కిడ్నీలు పోయిన మనిషి, పోతాడని అందరికీ తెలుసు. పదో రోజున పసుపు, గాజులు, మెట్టెలు తీయడానికి వీధి ఆడవాళ్లు కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. పైడమ్మ రెండు కాళ్లూ చాపింది. అప్పన్న అక్క కుడి కాలి మెట్టె తీసి, అలవాటు కొద్దీ చెయ్యి ఎడమ వైపుకు చాపి ఆగిపోయింది. అక్కడ కట్టు తప్ప ఏమీ లేదు.

"రెండోదేదే?" అంది, ఏమీ తోచక.

పైడమ్మ చాపిన కాళ్లను చీర కిందికి లాక్కుంది. ఆమె మళ్లీ నిలబడే పనికి రాలేదు. మరుసటి ఏడాది ఆమెను ఊరికి తీసుకుపోయారు. ఎలా ఉందో నాకు తెలియదు.

మిల్లులో ఏం జరిగిందో కూడా చెప్పాలి. డాక్టరమ్మ మెట్టెలు నిషేధించింది, గేటు దగ్గర బూట్లు విప్పించి చూడమంది. చాలామంది టంకం విప్పించుకుని, లోపలికి వెళ్లేముందు మెట్టెలు తీసి చీర చెంగున ముడివేసుకునేవారు. అది మంచికే జరిగింది. అయితే అందరికీ ఇంకో సంగతి కూడా తెలిసిపోయింది, పాదం చూపిస్తే గేట్ పాస్ పోతుందని. ఆ తరువాత నా బల్ల మీద కూర్చున్నవాళ్లు శుభ్రంగా కడిగిన పాదాలతో వచ్చేవారు. పుండు ఉన్నవాళ్లు ఆ రోజు సెలవు పెట్టేవారు, లేకపోతే రోడ్డు దాటి యార్డుకు పోయేవారు. చిన్నమ్మి జోకులు మానేసింది. బల్ల ఎక్కి, చూపించి, దిగి వెళ్లిపోయేది. తనిఖీలో కేసులు తగ్గాయని మిల్లు మేనేజరు సంతోషించాడు. వారం వారం చూసేది నెలకొకసారి అయింది, నేను రిటైరయ్యే ముందే అదీ ఆగిపోయింది. అవసరం తీరిపోయిందన్నారు.

పాదాలను ఎలా చూసుకోవాలని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతారు. నిలబడి పనిచేసేవాళ్లు రోజూ పడుకునే ముందు అరికాలు అద్దంలో చూసుకోవాలి. వేళ్ల సందులు ఆరబెట్టుకోవాలి. నొప్పి లేని పుండును నొప్పి ఉన్న పుండు కంటే ఎక్కువగా అనుమానించాలి. బిగుసుకున్నది ఏదైనా ఆ రోజే తీసేయాలి. ఇవన్నీ నిజమే, ఎవరైనా చెప్పగలరు. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంకొకటి. ఎదుటి మనిషి పాదం చూడాలంటే ముందు ఆమెకు ఒక మాట ఇవ్వాలి, ఏం కనిపించినా రేపటి కూలి ఉంటుందని. ఆ మాట ఇచ్చే అధికారం డ్రెస్సర్‌కు లేదు. డాక్టరమ్మకు లేదు. సాహుకూ లేదు. ఆ మిల్లులో అది ఎవరికి ఉందో, పనిచేసినన్నాళ్లూ నేను కనుక్కోలేకపోయాను.